ముందు ఛాసిస్ సంగతి చూడండి

సంపాదకులకు నమస్కారం.

గాడిలో నడిచే చిన్న రేసు కారును ఇంట్లో తయారుచేసుకోవడం గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం మీద ఈ ఉత్తరం. 2024 ఆగస్టు చివర్లో చెన్నై ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ జరిగిన రాత్రి రేసు ఫొటో పక్కన వేసి, పిల్లలు మోడల్‌గా ప్రీమియర్ పద్మినిని ఎంచుకోవచ్చని చెప్పడం బాగుంది. షోలవరం రన్‌వే మీద ఒకప్పుడు పందేలకు దిగిన కార్లలో ఫియట్లు, హెరాల్డులు, అంబాసిడర్లు ఉండేవి. 1990లో రేసులు ఇరుంగాట్టుకోటై ట్రాకుకు మారే దాకా మద్రాసు వాళ్లకు రేసు కారంటే చాలావరకు అవే. అంగట్లో దొరకని కారును ఎంచుకున్నప్పుడే సొంతంగా కట్టడంలో అర్థం ఉంది.

అయితే ఆ వ్యాసంలో పైన కనిపించే బాడీకి పేజీన్నర, మోటారును, చక్రాలను మోసే కింది చట్రానికి, అంటే ఛాసిస్‌కు రెండు వాక్యాలు. ఆ రెండూ తప్పే. గట్టి అట్ట మీద బొమ్మల మోటారును గ్లూ గన్‌తో అతికించి 12 వోల్టుల అడాప్టర్ తగిలించమన్నారు. రిచీ స్ట్రీట్‌లో చవగ్గా దొరికే 130 సైజు మోటార్లలో ఎక్కువ భాగం 3 నుంచి 6 వోల్టులకు చుట్టినవి. వాటికి 12 వోల్టులు ఇస్తే మొదట్లో రివ్వుమని తిరుగుతాయి, కాసేపటికి బ్రష్‌లు కాలిపోతాయి. గ్లూ గన్ జిగురు మోటారు వేడికే మెత్తబడుతుంది. మోటారు వెంట్రుకవాసి కదిలినా గేరు పళ్లు ఒకదాని మీదికి మరొకటి ఎక్కి అరిగిపోతాయి. ఇక అట్ట సంగతి చెప్పేదేముంది, చెన్నై గాలిలోని తేమకు వారంలో వంకర తిరుగుతుంది. ఎవరైనా అలాగే చేస్తే, కారు నడవకపోవడానికి తన చేతగానితనమే కారణమనుకుని వదిలేస్తారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. పొడవెక్కువైతే రెండు వారాలుగా వేసినా సరే, కత్తిరించేటప్పుడు కొలతలు మాత్రం వదలకండి.

ఇలాంటి విద్యుత్ కార్లు 1957లో బ్రిటన్‌లో స్కేలెక్‌స్ట్రిక్ పేరుతో అంగళ్లకెక్కాయి. 1960లలో అమెరికాలో 1/24 స్కేలు (అసలు కారులో ఇరవై నాలుగో వంతు) కార్ల పందేలు జోరందుకున్నాక, ఫ్యాక్టరీ ఛాసిస్‌తో తృప్తి పడనివాళ్లు ఇత్తడి రేకు, పియానో వైరు, టంకంతో సొంతంగా కట్టుకోవడం మొదలుపెట్టారు. ఆ పద్ధతికి కావలసినవన్నీ మన ఊళ్లోనే దొరుకుతాయి. ఇత్తడి రేకు, ఇత్తడి గొట్టం పారీస్ కార్నర్ దగ్గరి హార్డ్‌వేర్ వీధుల్లో, మోటారు, బేరింగులు, 12 వోల్టులు 5 ఆంపియర్ల పవర్ సప్లై రిచీ స్ట్రీట్‌లో అడగండి. చక్రాల హబ్‌లు తిప్పించడానికి అంబత్తూరులోనో గిండీలోనో లేతు ఉన్న చిన్న వర్క్‌షాపు చాలు. స్ప్రింగులు చుట్టేవాళ్ల దగ్గర 1.6 మి.మీ. ఉక్కు తీగ ఉంటుంది. చుట్టగా ఉన్నది వద్దు, తిన్నగా కోసిన ముక్కలే అడగండి. చుట్ట తీగను ఎంత సరిచేసినా టంకం వేడి తగలగానే ఎటో ఒక వైపు లాగుతుంది. అదీ దొరక్కపోతే సైకిలు షాపులో 2 మి.మీ. స్పోకులు పనికొస్తాయి. జింకు పూతవి తీసుకోండి, స్టెయిన్‌లెస్ స్పోకుకు మామూలు ఫ్లక్స్‌తో (టంకం అంటుకోవడానికి ముందుగా రాసే మందు) టంకం అంటదు.

కొలతల దగ్గరికి వద్దాం. పద్మిని వీల్‌బేస్, అంటే ముందు వెనక ఇరుసుల మధ్య దూరం, 2340 మి.మీ. దాన్ని 24తో భాగిస్తే 97.5 మి.మీ. మీ పటంలో 104 ఉంది. ఆరున్నర మి.మీ. తేడాతో ఛాసిస్ కడితే వెనక చక్రం బాడీ తోరణంలో కూర్చోదు, తోరణాన్నే కోసుకోవాల్సి వస్తుంది. ఈ కారులో ఇంకో చిక్కుంది. దాని వెడల్పు, ఎత్తు దాదాపు సమానం, 1/24లో రెండూ 61 మి.మీ. దగ్గర. అంత ఎత్తైన పెట్టె మలుపులో పల్టీ కొట్టకుండా ఉండాలంటే బరువంతా ఇరుసుల కంటే కిందే ఉండాలి, పైకప్పు కాగితమంత తేలికగా ఉండాలి. ఛాసిస్‌ను ఇత్తడితో, బాడీని పలుచటి ప్లాస్టిక్‌తో చేయడం ఇందుకే. తేలికైన కారే వేగమైన కారంటూ మీ వ్యాసంలో వచ్చిన మాట ఇక్కడ సగమే నిజం.

ఛాసిస్‌ను పెట్టి కట్టే పలక 12 మి.మీ. ఎండీఎఫ్ (కలప పొడిని అదిమి చేసిన పలక) ముక్కైతే మంచిది, ఒక జానెడు వెడల్పు, జానెడున్నర పొడవు చాలు. గ్రానైటు ముక్క, అల్యూమినియం దిమ్మ చదునుగా ఉంటాయి కానీ టంకం వేసేటప్పుడు వేడినంతా లాగేస్తాయి, అతుకు కుదరదు. గాజు పగులుతుంది. చదును పరీక్షించడానికి మాత్రం 8 మి.మీ. గాజు పలకను మించింది లేదు.

పలక మీద నడిమి గీత గీసి, దానికి అడ్డంగా వెనక ఇరుసు గీత, అక్కడి నుంచి 97.5 దగ్గర ముందు ఇరుసు గీత, 112.5 దగ్గర గైడ్ (ట్రాకు గాడిలో దిగి కారును నడిపించే ముక్క) తిరిగే చుక్క పెట్టండి. అడ్డగీత నిజంగా లంబంగా ఉందో లేదో మూలమట్టాన్ని నమ్ముకోకుండా చూడాలి. మేస్త్రీలు పునాదికి చేసే లెక్కే, ఒక వైపు 60, ఇంకో వైపు 80 కొలిస్తే కర్ణం సరిగ్గా 100 రావాలి. ఇక్కడ అర మి.మీ. తప్పితే కారు జీవితమంతా పక్కకు లాగుతూనే ఉంటుంది.

వెనక బ్రాకెట్టు 1 మి.మీ. ఇత్తడి రేకును మూడు వైపులు వచ్చేలా మడిచి చేయాలి. దాని రెండు రెక్కలకూ 6 మి.మీ. రంధ్రాలు, అందులో 3×6×2.5 బేరింగులు, వాటిలో 3 మి.మీ. ఇరుసు. ఇరుసుకు హార్డ్‌వేర్ షాపు కమ్మీ వాడొద్దు, అది గుండ్రంగా ఉండదు, తిన్నగానూ ఉండదు. పాత సీడీ డ్రైవులో లేజర్ కన్ను జారే మెరుపు కడ్డీలు చాలావాటిలో 3 మి.మీ. దగ్గరే ఉంటాయి. వెర్నియర్‌తో కొలిచి, గాజు మీద దొర్లించి చూసి తీసుకోండి. రంధ్రాలను రేకు మడవకముందు వేస్తే మడతలో జరుగుతాయి. మడిచాకే రెండు రెక్కలనూ కలిపి ఒకేసారి తొలవాలి, 5 మి.మీ. డ్రిల్లుతో మొదలుపెట్టి గుండ్రటి ఆకురాయితో 6కు తేవాలి. టంకం వేసేటప్పుడు బేరింగులు లోపల ఉండకూడదు. ఫ్లక్స్ ఆవిరి తగిలితే గోళీలు తుప్పు పడతాయి. వాటి బదులు రెండు రంధ్రాల గుండా 6 మి.మీ. అల్యూమినియం కడ్డీ దూర్చి ఉంచితే రెక్కలు ఒకే వరసలో నిలుస్తాయి, అల్యూమినియానికి టంకం అంటదు కాబట్టి పని అయ్యాక కడ్డీ జారి వచ్చేస్తుంది.

బ్రాకెట్టు నుంచి ముందు గైడ్ నాలుక దాకా ఒక్కో వైపు రెండేసి ఉక్కు తీగలు. నాలుక 1.6 మి.మీ. ఇత్తడి, 12 మి.మీ. వెడల్పు. పియానో వైరును కటింగ్ ప్లయరుతో కోస్తే ప్లయరు పళ్లు విరుగుతాయి. ఆకురాయితో చుట్టూ గాటు పెట్టి విరవండి, లేదా చిన్న కటింగ్ డిస్కు వాడండి. ముక్క తూటాలా ఎగురుతుంది, కళ్లద్దాలు తప్పనిసరి. వంపు కావలసిన చోట తీగను ఎర్రగా కాల్చి వంచడం చాలామంది చేసే పని. అలా కాలిస్తే స్ప్రింగు గుణం పోయి మెత్తటి కమ్మీ అయిపోతుంది. చల్లగానే, తీగ మందానికి తగ్గని గుండ్రటి వంపుతో తిప్పాలి. పదునైన మూలగా వంచితే అప్పుడు విరగకపోయినా గోడకు కొట్టుకున్న రోజున అక్కడే విరుగుతుంది.

ఛాసిస్ పాడైందంటే నూటికి తొంభై పాళ్లు టంకం దగ్గరే పాడవుతుంది. రేడియో రిపేరుకు వాడే 25 వాట్ల ఐరన్ దీనికి చాలదు. చిన్న ఐరన్‌తో అతుకు కరగడానికి నిమిషం పడుతుంది, ఆ నిమిషంలో వేడి ఇత్తడంతా పాకి పక్క అతుకును ఊడదీస్తుంది. 60 నుంచి 80 వాట్ల ఐరన్, వెడల్పాటి ఉలి మొన కావాలి. పెట్టగానే మూడు నాలుగు సెకన్లలో కరగాలి. వేగంగా వేడెక్కించి వేగంగా తీసేయడమే దీని కిటుకు. వైర్లకు వాడే రోజిన్ ఫ్లక్స్ ఉక్కు మీద పనిచేయదు. జింకు క్లోరైడు ద్రవం కావాలి. ఇంట్లో యాసిడ్‌లో జింకు ముక్కలు వేసి చేసుకోమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. అందులోంచి వచ్చే వాయువు అంటుకుంటుంది, కొనుక్కోవడమే మేలు. కిటికీ తెరిచి పెట్టండి. తీగను, ఇత్తడిని ముందే ఎమరీ కాగితంతో మెరిసేలా రుద్ది, రెండింటికీ విడివిడిగా పలుచటి టంకం పూత వేసి, అప్పుడు కలపాలి. పెద్ద అతుకుల దగ్గర ముందుగా 0.3 మి.మీ. రాగి తీగను నాలుగు చుట్లు బిగించి చుట్టి, దాని మీద టంకం పారిస్తే ఆ కీలు ఇంక ఊడదు.

టంకంలో రెండు రకాలు దగ్గర ఉంచుకోండి. 96 పాళ్లు తగరం, 4 పాళ్లు వెండి ఉన్నది 221 డిగ్రీల దగ్గర కరుగుతుంది. తగరం 63, సీసం 37 ఉన్నది 183 డిగ్రీలకే కరుగుతుంది. బ్రాకెట్టు లాంటి మొదటి అతుకులు వెండి టంకంతో, తర్వాతవి మామూలు టంకంతో వేస్తే, రెండోది వేసేటప్పుడు మొదటిది కరగదు. అయినా పక్క అతుకు మీద తడిగుడ్డ ముక్క వేసి ఉంచడం మంచి అలవాటు. అతుకుల వరస కూడా ముఖ్యమే. ఎడమ వైపంతా ముగించి కుడికి వెళితే చల్లారేటప్పుడు ఫ్రేము ఎడమకు మెలి పడుతుంది. కారు చక్రం నట్లు బిగించినట్టు ఎదురెదురు మూలలు మార్చి మార్చి వేయాలి. ఊదొద్దు, నీళ్లలో ముంచొద్దు. చల్లారే దాకా ముక్క కదలకూడదు. కదిలితే అతుకు మెరుపు పోయి బూడిదరంగులో గరగరగా కనిపిస్తుంది, అలాంటిది పైకి గట్టిగా ఉన్నా నాలుగు దెబ్బలకు వీడుతుంది. టంకం ముత్యంలా ఉండకట్టి నిలిచిందంటే లోహం వేడెక్కలేదన్నమాట. అంచులు పలుచగా పాకి లోహంలో కలిసిపోయినట్టు ఉంటేనే అది అతుకు.

ఆ తర్వాత చేసే కడుగుడును బద్ధకించినవాళ్లు మర్నాడు పొద్దున్నే చూస్తారు దాని ఫలితం. యాసిడ్ ఫ్లక్స్ మిగిలిన ఉక్కు తీగ మన సముద్రపు గాలికి రాత్రికి రాత్రే తుప్పు పడుతుంది. అర లీటరు గోరువెచ్చని నీళ్లలో చెంచాడు వంటసోడా కలిపి పాత పళ్లబ్రష్‌తో మూలమూలా రుద్ది, మంచినీళ్లతో కడిగి, ఎండలో ఆరబెట్టి, కుట్టు మిషను నూనె పలుచగా రాయాలి. మోటారు, బేరింగులు ఆ తర్వాతే బిగించాలి.

ఫ్రేముకు రెండు పక్కలా 1.6 మి.మీ. మందం, 12 వెడల్పు, 55 పొడవు ఉన్న ఇత్తడి పలకలు వేలాడాలి. ఒక్కొక్కటీ 9 గ్రాములు తూగుతుంది. వీటిని ఫ్రేముకు అతికించకూడదు. 1.6 తీగ మీద 2 మి.మీ. లోపలి వ్యాసమున్న గొట్టం తొడిగి, ఆ గొట్టానికి పలకను అతికిస్తే అది అటూ ఇటూ కాస్త ఆడుతుంది. బాడీని గుండుసూదులతో ఈ పలకలకే తగిలించాలి, ఫ్రేముకు కాదు. ట్రాకు అతుకుల మీద వచ్చే కుదుపు ఈ పలకల ఆటలో చచ్చిపోతుంది, వెనక టైర్లు నేలను వదలవు. బిగుతుగా కట్టిన ఫ్రేము నున్నటి ట్రాకు మీద బాగానే పోతుంది, అతుకుల ట్రాకు మీద గంతులు వేస్తుంది. నన్నడిగితే మొదటి కారుకు ఈ ఒక్క కదలిక చాలు. మూడు నాలుగు కీళ్లున్న ఛాసిస్ పటాలు చూసి ఆశపడితే ఏ కీలు వల్ల ఏం జరుగుతోందో తెలియక తల పట్టుకోవాలి.

మోటారు 12 వోల్టులకు చుట్టినదీ, కార్బన్ బ్రష్‌లు ఉన్నదీ తీసుకోండి. దాని డబ్బాను బ్రాకెట్టుకు నేరుగా టంకం వేసేవాళ్లున్నారు. ఆ వేడికి వెనక ప్లాస్టిక్ మూత కరిగి బ్రష్‌లు వంకరపోవచ్చు. 0.4 మి.మీ. ఇత్తడి పట్టీ చుట్టి రెండు మరమేకులతో బిగిస్తే సరి, కావలసినప్పుడు ఊడదీసుకోవచ్చు. మోటారు పొడవుగా, కొన వెనక్కి ఉండేలా పెట్టి, దాని 2 మి.మీ. ఇరుసుకు 8 పళ్ల పినియన్ (చిన్న గేరు), వెనక ఇరుసుకు 28 పళ్ల క్రౌన్ గేరు వేయండి. రెండూ 0.5 మాడ్యూల్‌వే (పళ్ల సైజు కొలత) కావాలి. కంటికి ఒకేలా కనిపించే 0.4 గేరును దీనితో కలిపితే కీచుమంటుంది, పళ్లు పొడి రాలతాయి. మోటారు ఇరుసు కొన వెనక ఇరుసుకు తగలకుండా అర మి.మీ. ఖాళీ ఉండాలి. పళ్ల మధ్య సందు చూడటానికి సిగరెట్టు పెట్టెలోని పలుచటి కాగితం ముక్క రెండు గేర్ల మధ్య పెట్టి దగ్గరికి జరిపి బిగించి, తర్వాత కాగితాన్ని లాగేయండి. నిమిషానికి 18,000 చుట్లు తిరిగే మోటారైతే, 25 మి.మీ. టైరుతో లెక్కకు సెకనుకు 6.7 మీటర్లు, అంటే గంటకు 24 కి.మీ. వస్తుంది. ఇంటి హాల్లో వేసే ట్రాకుకు అదే ఎక్కువ. వ్యాసంలో సూచించినట్టు గేరు నిష్పత్తిని 2కు తగ్గిస్తే వేగం పెరగదు, మోటారు వేడెక్కుతుంది.

ట్రాకు నుంచి కరెంటు అందుకోవడానికి గైడ్‌కు తగిలించే రాగి జడను టంకంతో అతికించకండి. కరిగిన టంకం జడలోకి పీల్చుకుపోయి పుల్లలా బిగుసుకుంటుంది, అప్పుడు ముందు భాగం గాడిలోంచి పైకి లేస్తుంది. వైరు చివర చిన్న ఇత్తడి కన్ను వేసి, జడతో పాటు గైడ్ రంధ్రంలో దోపితే సరిపోతుంది.

టైర్ల విషయంలో ఒకటే మాట, గుండ్రంగా ఉండాలి. స్పాంజి రబ్బరును అల్యూమినియం హబ్‌కు చెప్పులు కుట్టేవాళ్లు వాడే రబ్బరు సొల్యూషన్‌తో అతికించి, ఒక రోజు ఆరనిచ్చి, కారును చేత్తో పట్టుకుని తక్కువ వోల్టేజీతో మోటారు తిప్పుతూ, చదును పలకకు అంటించిన 120 నంబరు ఎమరీ కాగితం మీద, తర్వాత 240 మీద ఆనించి అరగదీయాలి. నొక్కితే వేడికి స్పాంజి ముద్దలుగా లేస్తుంది, ఆనీ ఆనకుండా పట్టుకోవాలి. ముందు చక్రాలు దేనికవే తిరిగేలా విడిగా ఉండాలి, ఒకే ఇరుసుకు బిగిస్తే మలుపులో ఈడ్చుకుపోతాయి.

అన్నీ బిగించాక కారును గాజు మీద పెడితే వెనక టైర్లు రెండూ ఆనాలి. ఏ4 కాగితం మందం సుమారు 0.1 మి.మీ. అది ఒక టైరు కింద దూరి రెండో దాని కింద దూరకపోతే ఫ్రేము మెలి పడిందన్నమాట. చేత్తో మెలి తిప్పి సరిచేయాలని చూడకండి. ఎదుటి మూల అతుకును మళ్లీ కరిగించి, చేత్తో అదిమి కాదు, దాని సొంత బరువు మీదే చల్లారనివ్వండి, అప్పుడు లోపలి ఒత్తిడి పోతుంది. గాజు మీద ఇది వద్దు, పాత ఎండీఎఫ్ పలక మీదే. గైడ్‌ను మాత్రం 3.2 మి.మీ. గాడి తీసిన చిన్న చెక్క ముక్క మీద పరీక్షించాలి. గైడ్ గాడిలో పూర్తిగా కూర్చున్నప్పుడు ముందు టైర్ల కింద ఒక కాగితం జారాలి. ముందు చక్రాలు బరువు మోస్తే గైడ్ పైకి లేస్తుంది, కారు గాడి తప్పుతుంది. ఛాసిస్ అడుగుకూ ట్రాకుకూ మధ్య 1.2 మి.మీ. సందు చాలు.

ఇప్పుడు బాడీ. వేడిచేసిన ప్లాస్టిక్ రేకును చెక్క అచ్చు మీద పరిచి, కింది నుంచి గాలి పీల్చి ఆ రూపం తెప్పించాలి. చెక్క అచ్చుకు మీరు బాల్సా అన్నారు. మన దగ్గర తెల్లపొణికి ఉండగా దానికోసం వెతకడం దేనికి? కొండపల్లి బొమ్మలు చెక్కేది దానితోనే. తేలిక, ఉలికి లొంగుతుంది, నార లేవదు. ఏటికొప్పాక వాళ్లు వాడే అంకుడు కర్ర కూడా మంచిదే, అయితే అది లేతు మీద తిప్పడానికి అనువైనది, పెట్టెలాంటి కారు ఆకారానికి పొణికే సుఖం. మెత్తటి చెక్క కాబట్టి పైన కార్ల పుట్టీ రెండు పొరలు వేసి నున్నగా రుద్దాలి. లేకపోతే చెక్క రేఖలన్నీ ప్లాస్టిక్ మీద అచ్చుపడతాయి.

ఫొటోను చూసి అచ్చు చెక్కకూడదు. ఏ ఫొటోలోనైనా దగ్గరి భాగం పెద్దదిగా, దూరంది చిన్నదిగా పడుతుంది. చెన్నైలో పాత పద్మినిలు ఇంకా కొన్ని ఉన్నాయి, యజమానిని అడిగి టేపుతో కొలవడం అన్నిటికన్నా సులువు. పైకప్పు వంపు, బోనెట్టు వంపు ప్రతి 240 మి.మీ.కు ఒకసారి ఎత్తు కొలిచి రాసుకుంటే 1/24లో అవి 10 మి.మీ.కు ఒకటిగా వస్తాయి. అట్ట మీద ఆ కోతలు గీసి కత్తిరించుకుని, చెక్కుతూ అట్టను ఆనిస్తూ పోవాలి. అచ్చు అసలు కొలత కంటే అన్ని వైపులా 0.4 మి.మీ. చిన్నదిగా ఉండాలి, ఎందుకంటే ప్లాస్టిక్ మందం పైన చేరుతుంది. తలుపుల గీతలు కాస్త లోతుగా తీయండి, రేకు పరుచుకున్నాక సగం పూడుకుపోతాయి. పక్క గోడలు కిందికి వచ్చేకొద్దీ రెండు డిగ్రీలు విచ్చుకోవాలి, లేకపోతే అచ్చు బయటికి రాదు. గ్రిల్, గాజు మూలలు, హెడ్‌లైటు గుంటల్లో 1 మి.మీ. రంధ్రాలు అడుగు దాకా తొలవాలి, గాలి అక్కడే చిక్కుకుంటుంది. అచ్చు కింద 10 మి.మీ. చెక్క ముక్క పెట్టి ఎత్తితే ప్లాస్టిక్ మడతలు బాడీ అంచుకు కిందే పడతాయి.

రేకు 0.5 మి.మీ. పెట్‌జీ ప్లాస్టిక్ తీసుకోండి. 80 డిగ్రీలు దాటితే మెత్తబడుతుంది, వంటింటి ఓవెన్ చాలు. పాలికార్బనేటు దెబ్బకు దానికంటే గట్టిదే కానీ 147 డిగ్రీల దాకా లొంగదు, పైగా గాలిలో తేమ పీల్చుకుంటుంది. వేడి చేయగానే లోపలి తేమ ఆవిరై రేకు నిండా సన్నటి బుడగలు లేస్తాయి. చెన్నైలో దాన్ని 120 డిగ్రీల దగ్గర గంటా రెండు గంటలు ఆరబెట్టకుండా వాడటం వృథా. మిఠాయి డబ్బాల మూతలు వద్దు, ఎక్కువ కాగితే తెల్లబడి పెళుసుగా మారతాయి.

పీల్చే పెట్టెను ప్లైవుడ్‌తో చేసి, పైన 3 మి.మీ. రంధ్రాల పలక బిగించి, పక్కన వాక్యూమ్ క్లీనర్ గొట్టం తగిలించాలి. అచ్చు మీద టాల్కం పౌడరు చల్లండి, అంటుకోదు. చట్రంలో బిగించిన 20 సెం.మీ. రేకు మధ్యలో 10 మి.మీ. జారేలా వేలాడగానే క్లీనరు ఆన్ చేసి ఒక్క ఊపున అచ్చు మీదికి దించాలి. మెల్లగా దించితే ముక్కు భాగం చల్లారిపోయి మూలలు మొద్దుబారతాయి. ఎక్కువ వేడెక్కితే పైకప్పు మూలల దగ్గర రేకు ఉల్లిపొరలా పలుచబడుతుంది. పూర్తయిన బాడీ 10 నుంచి 15 గ్రాములు ఉంటుంది. మీరు మెచ్చుకున్న త్రీడీ ప్రింటు బాడీ 1.2 మి.మీ. మందంతో పీఎల్ఏ ప్లాస్టిక్‌లో 35 గ్రాములు దాటుతుంది, ఆ బరువులో మంచి భాగం పైకప్పులోనే ఉంటుంది. అది 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది కాబట్టి, మే నెలలో ఎండలో నిలిపిన కారులో వదిలితే రూపు మారిపోతుంది. అచ్చుకు మాదిరిగా ప్రింటు చేసుకోవడం వేరే సంగతి, దానికి అది భేషుగ్గా పనికొస్తుంది.

రంగు లోపలి వైపునే వేయాలి. గిన్నెలు తోమే సబ్బుతో కడిగి ఆరబెట్టి, కిటికీల చోట టేపు అతికించి, ముందు నంబర్లు, గీతలు, తర్వాత ముదురు రంగు, ఆఖరున లేత రంగు, దాని వెనక తెలుపు. ఈ వరస తప్పితే లేత రంగు గుండా ముదురు రంగు మచ్చలు కనిపిస్తాయి. కార్ల టచప్ స్ప్రేలోని థిన్నరు పెట్‌జీని తినేసి జాలీలా పగుళ్లు తెప్పిస్తుంది, రేడియో కంట్రోల్ కార్ల బాడీలకని అమ్మే రంగులే వాడాలి. ఒక్కసారి దట్టంగా వేయకండి, నాలుగు పలుచటి పూతలు.

ట్రాకు మీద మొదటిసారి పెట్టినప్పుడు మలుపులో ముక్కు లేచి గాడి తప్పితే గైడ్ లోతు, ముందు బరువు చూడండి, నాలుక కింద 3 గ్రాముల సీసం ముక్క అతికిస్తే తరచూ కుదురుకుంటుంది. తోక జారితే వెనక టైర్ల మీది దుమ్ము తుడవండి, బరువు తర్వాత. తిన్నటి దారిలో గంతులు వేస్తే వెనక హబ్ వంకరగా బిగిసింది. కూత మారితే గేరు.

చివరగా మీ పటం గురించి. సవరించి మళ్లీ వేసేటప్పుడు పక్కన 50 మి.మీ. గీత ఒకటి, అంకె వేసి ముద్రించండి. పేజీకి సరిపెట్టేటప్పుడు బొమ్మ సాగుతుందో కుంచించుకుపోతుందో ఎవరికీ తెలియదు. ఆ గీత మీద స్కేలు పెట్టి చూసుకుంటే పాఠకుడు ఏ నిష్పత్తిలో పెంచాలో తగ్గించాలో జెరాక్స్ అంగట్లోనే చెప్పగలడు.

— ఒక పాఠకుడు
పెరంబూరు, చెన్నై-11